భారత్, వియత్నాం: 6, 7, 8 తరగతుల పిల్లల మీద సర్కారు ఖర్చు ఎవరిది ఎంత?

పల్నాటిపౌరుడు:

మిత్రులకు నమస్కారం. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్ యాజమాన్య కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి. ఈమధ్య మీటింగులో ఒకాయన, “వియత్నాం పిల్లలు చదువులో మనల్ని దాటిపోయారు, ఎందుకంటే అక్కడి ప్రభుత్వం బడుల మీద డబ్బు కుమ్మరిస్తోంది” అన్నారు. నిజమేనా అని వెతికాను. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 2010 నుంచి 2020 దాకా రెండు దేశాలూ మొత్తం విద్య మీద జీడీపీలో 4 శాతం అటూ ఇటూగా పెట్టాయి. ఫలితాలు చూస్తే మాత్రం ఎక్కడా పొంతన లేదు. వివిధ దేశాల 15 ఏళ్ల పిల్లలు రాసే పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో 2012లో వియత్నాంకు లెక్కల్లో 511 వచ్చింది. ధనిక దేశాల సగటే 494. మన దేశం తరఫున 2009 విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ మాత్రమే రాస్తే రెండూ దాదాపు అట్టడుగున నిలిచాయి. ఆ తర్వాత మనం రాయలేదు.

నాకు కావాల్సింది ప్రాథమిక స్థాయికి పైన, పదో తరగతికి కింద ఉండే పిల్లల లెక్క. మా కమిటీలో ఎక్కువ గొడవలు ఆ తరగతుల మీదే. తెలిసినవాళ్లు చెప్పండి.

డేటాదాసు:

పౌరుడు గారూ, ముందు ఏ తరగతులో తేల్చుకుందాం. యునెస్కో లెక్కల్లో ఈ స్థాయి అంటే మన దగ్గర 6, 7, 8. వియత్నాంలో 6 నుంచి 9. మన 9, 10 తరగతులు ఇంటర్‌తో కలిసి పై స్థాయిలోకి వెళ్తాయి. మన బడ్జెట్‌లో “సెకండరీ” అని కనిపించే అంకె తీసుకుని వియత్నాం 6-9తో పోల్చే వ్యాసాలు చాలా చూశాను. అవి వేరే పిల్లల లెక్కలు.

రెండోది, 4 శాతం దేనిలో? 2019లో వియత్నాం తలసరి జీడీపీ 3,400 డాలర్ల పైన, మనది 2,000 పైన. అంటే అదే 4 శాతం అక్కడ మనిషికి దాదాపు 136 డాలర్లు, ఇక్కడ 80 చిల్లర. పైగా జనాభాలో పిల్లల వాటా మనకే కాస్త ఎక్కువ, కాబట్టి పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి తేడా ఇంకొంచెం పెరుగుతుంది.

అలాగని డాలర్లలో పోల్చి వదిలేస్తే కూడా కుదరదు. బడి ఖర్చులో సింహభాగం టీచర్ల జీతాలు, జీతాలు ఆ దేశపు ఆదాయాన్ని బట్టి ఉంటాయి. అందుకే యునెస్కో వాళ్లు ఒక విద్యార్థి మీద ప్రభుత్వ ఖర్చును తలసరి జీడీపీలో శాతంగా చూపిస్తారు. ఇక్కడే మనకు ఇంకో చిక్కు ఉంది. లవంలో ప్రభుత్వ ఖర్చు ఉంటుంది, హారంలో ప్రైవేటు బడి పిల్లలు సహా మొత్తం విద్యార్థులు ఉంటారు. మన దేశంలో ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో ఉన్నది సుమారు సగం మందే. ప్రభుత్వం 100 రూపాయలు పెట్టిన చోట ఇద్దరు పిల్లలుండి, ఒకరు ప్రైవేటులో చదువుతుంటే కాగితం మీద తలకు 50 అని పడుతుంది. సర్కారు బడిలో ఉన్న పిల్లవాడి మీద నిజంగా పడేది 100. వియత్నాంలో ఈ తరగతుల్లో ప్రైవేటు బడులు చాలా తక్కువ కాబట్టి వాళ్ల అంకెకు ఈ సమస్య రాదు.

కాబట్టి ఆ శాతాన్ని పట్టుకుని “మన ప్రభుత్వం పిల్లవాడి మీద ఇంతే పెడుతోంది” అంటే అది సర్కారు బడి గురించిన మాట కాదు.

లెక్కలమాస్టారు:

నేను జడ్పీ హైస్కూల్లో గణితం స్కూల్ అసిస్టెంటుని. దాసు గారు చెప్పినదానికి లోపలి నుంచి ఒక విషయం కలుపుతాను.

మా బడిలో 6 నుంచి 10 దాకా తరగతులు. హెడ్మాస్టరు పెట్టే జీతాల బిల్లు ఒక్కటే. అది 2202 పద్దు (సాధారణ విద్య), సెకండరీ ఉపపద్దు కింద ట్రెజరీకి పోతుంది. మా మండలంలోనే ఉన్న ప్రాథమికోన్నత పాఠశాలలో కూడా 6, 7 తరగతులున్నాయి, వాళ్ల జీతాలు ఎలిమెంటరీ ఉపపద్దులో పడతాయి. ఒకే ఏడో తరగతి, ఒకే పాఠ్యపుస్తకం, ఖర్చు మాత్రం రెండు వేర్వేరు చోట్ల రాస్తారు. 6-8 మీద ఎంత అయిందో రాష్ట్ర బడ్జెట్ పుస్తకం ఎంత తిరగేసినా విడిగా దొరకదు. ఎవరో ఒకరు పిల్లల సంఖ్యను బట్టి పంచుకోవాల్సిందే. వియత్నాంలో 6-9కి విడి బడి, విడి సిబ్బంది అని విన్నాను. అక్కడ ఈ పంపకం గొడవ ఉండదు.

పిల్లల సంఖ్యను బట్టి పంచితే అసలు విషయం కప్పబడిపోతుంది. హైస్కూల్లో ఒక గణితం పోస్టు ఖాళీ అయ్యిందనుకోండి. మిగిలినవాళ్ల పీరియడ్లు ముందు పదికి ఇస్తారు, తర్వాత తొమ్మిదికి. ఆరు, ఏడు తరగతులకు మిగిలింది ఇస్తారు, లేదంటే వేరే సబ్జెక్టు టీచరు వెళ్లి కూర్చుంటారు. పై అధికారులు అడిగేది పదో తరగతి ఉత్తీర్ణత శాతం ఒక్కటే, అందుకే హెడ్మాస్టర్లు అలా చేస్తారు. నేను పనిచేసిన ఒక బడిలో ఒక ఏడాది పొడవునా ఆరో తరగతికి గణితం టీచరు లేరు. ఆ పిల్లలు ఎనిమిదికి వచ్చాక నా చేతికి వచ్చారు. భిన్నాల కూడికలు మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. కాగితం మీద మాత్రం ఆ ఏడాది ఆరో తరగతి పిల్లవాడి మీదా, పదో తరగతి పిల్లవాడి మీదా సమానంగా ఖర్చయినట్టే లెక్క.

సైగాన్‌తెలుగు:

హో చి మిన్ సిటీ నుంచి రాస్తున్నాను, ఉద్యోగరీత్యా ఇక్కడే ఉంటున్నాను. మాస్టారు విన్నట్టే ఇక్కడ 6-9 బడి వేరే. నిన్నమొన్నటి దాకా జిల్లా స్థాయి యంత్రాంగం చేతిలో ఉండేవి. 2025 జులై 1న జిల్లా స్థాయినే రద్దు చేసి, 63 ప్రావిన్సులను 34 చేశారు. ఇప్పుడు ఈ బడులు కమ్యూన్ల (అట్టడుగు స్థానిక పాలనా విభాగాల) కిందికి వచ్చాయి.

మన వాళ్లు చాలామందికి తెలియనిది ఒకటుంది. 2025 దాకా ఇక్కడ ప్రభుత్వ బడిలో ఆరో తరగతి చదవాలన్నా ఫీజు కట్టాలి. ప్రాథమిక స్థాయి మాత్రమే ఉచితం. హై ఫాంగ్, డా నాంగ్ లాంటి కొన్ని చోట్ల ముందే తీసేశారు గానీ, దేశమంతా ఉచితం అయ్యింది 2025-26 విద్యా సంవత్సరం నుంచే. మన దగ్గర విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచే 8 దాకా ఉచితం చేసింది కదా. అంటే “వియత్నాం ప్రభుత్వం కుమ్మరిస్తోంది” అనే మాటలో తల్లిదండ్రుల జేబు సంగతి ఎవరూ చెప్పడం లేదు.

ఫీజు చిన్నదే. అసలు భారం ప్రైవేటు క్లాసులు. మా ఆఫీసులో ఒకావిడ కొడుకు తొమ్మిదో తరగతి. పదో తరగతిలో ప్రభుత్వ బడి సీటుకు పోటీ పరీక్ష రాయాలి. ఆ ఏడాదంతా ఇంట్లో ఒకటే టెన్షన్, సాయంత్రాలు, ఆదివారాలు క్లాసులే. బడిలో పాఠం చెప్పే టీచరే సాయంత్రం డబ్బు తీసుకుని అదే పిల్లలకు చెప్పడం మామూలుగా జరిగేది. 2025 ఫిబ్రవరి 14 నుంచి దాన్ని నిషేధించారు. టీచర్లను తప్పు పట్టబుద్ధి కాదు. 2024 జులైలో పెంచిన తర్వాత కూడా కొత్తగా చేరిన 6-9 టీచరు మూల వేతనం నెలకు సుమారు 55 లక్షల డాంగ్‌లు. మన రూపాయల్లో 18 వేల చిల్లర. అలవెన్సులు వేరే.

లెక్కలమాస్టారు:

18 వేలా? ఆంధ్రలో 2022 పీఆర్సీ ప్రకారం స్కూల్ అసిస్టెంట్ మూల వేతనం 44,570తో మొదలవుతుంది. తలసరి ఆదాయం మనకన్నా ఎక్కువున్న దేశంలో టీచరుకు ఇంత తక్కువ అంటే ఆశ్చర్యంగా ఉంది.

డేటాదాసు:

మాస్టారూ, ఈ రెండు అంకెల్లోనే పౌరుడు గారి ప్రశ్నకు సగం జవాబు ఉంది. జీతం తక్కువైతే అదే డబ్బుకు ఎక్కువమంది టీచర్లు వస్తారు. వియత్నాం నిబంధన ప్రకారం 6-9 బడిలో ఒక్కో తరగతి గదికి 1.9 మంది టీచర్ల దాకా ఇస్తారు, గదికి 45 మంది పిల్లలు మించకూడదు. మన విద్యాహక్కు చట్టంలో 6-8కి 35 మందికి ఒకరు, కనీసం గణితం-సైన్సుకు ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషకు ఒకరు.

60 మంది పిల్లలున్న చిన్న బడి తీసుకోండి. మన చట్టం ప్రకారం ముగ్గురు టీచర్లు చాలు. మూడు తరగతులు, ముగ్గురు టీచర్లు, ఒకరు సెలవు పెడితే ఒక గది ఖాళీ. అక్కడ నాలుగు తరగతులకు ఒక్కో సెక్షన్ చొప్పున 7.6 పోస్టులు వస్తాయి. పిల్లల తలలు లెక్కపెట్టి టీచర్లను ఇచ్చే పద్ధతికీ, తరగతి గదులు లెక్కపెట్టి ఇచ్చే పద్ధతికీ తేడా చిన్న బడుల దగ్గరే బయటపడుతుంది. మన దగ్గర చిన్న బడులు చాలా ఉన్నాయి. ఏకోపాధ్యాయ పాఠశాలలు దేశంలో లక్ష దాటాయి, ఎక్కువ ప్రాథమిక స్థాయిలో అనుకోండి.

కొల్లేటికొంగ:

అంటే మన టీచర్ల జీతాలు తగ్గించాలనా దాసు గారూ? ఈ వాదన ఎక్కడికి దారి తీస్తుందో నాకు తెలుసు. రేపు ఎవరో ఒకరు ఇదే పట్టుకుని రెగ్యులర్ పోస్టులు ఎత్తేసి విద్యా వాలంటీర్లతో సరిపెడతారు. మా అక్క అలాగే చాలా ఏళ్లు తక్కువ జీతానికి పాఠాలు చెప్పింది. వేసవిలో జీతమే ఉండేది కాదు.

డేటాదాసు:

లేదమ్మా, అది నా ఉద్దేశం కాదు. వియత్నాం వాళ్లే ఆ దారి మంచిది కాదని తేల్చుకున్నారు. 2025 జూన్‌లో టీచర్ల కోసం విడిగా చట్టం చేసి, ప్రభుత్వ జీతాల స్కేళ్లలో టీచర్లను అన్నిటికన్నా పైన పెడతామని రాసుకున్నారు. 2026 జనవరి 1 నుంచి అది అమలు. తక్కువ జీతం ఇచ్చి, మిగతాది తల్లిదండ్రుల దగ్గర సాయంత్రం క్లాసుల్లో రాబట్టుకోమంటే ప్రభుత్వ ఖర్చు తక్కువగా కనిపిస్తుంది గానీ ఆ ఖర్చు ఎక్కడికీ పోదు. నేను అడిగేది ఒక్కటే. ఇచ్చే జీతానికి తగ్గట్టు ప్రతి తరగతి గదిలో సబ్జెక్టు టీచరు ఉండేలా మన నిబంధన మారాలి. ఖర్చు పెరుగుతుంది. పెరగనీయండి.

పాలమూరుచదువు:

వియత్నాంతో మన తెలుగు పిల్లలనే నేరుగా పోల్చిన అధ్యయనం ఒకటుంది, ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. ‘యంగ్ లైవ్స్’. ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఈ నాలుగు చోట్లా 2002 నుంచి ఒకే పిల్లలను ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు. చోటుకు 2001-02లో పుట్టిన 2,000 మంది, 1994-95లో పుట్టిన 1,000 మంది దాకా. మన దగ్గర శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ జిల్లాల్లో. అక్కడ లావ్ కాయ్ కొండ ప్రాంతం నుంచి బెన్ చే డెల్టా దాకా.

అందులో తేలింది నన్ను చాలా కలవరపెట్టింది. ఐదేళ్ల వయసులో, బడి మొదలవక ముందు, వియత్నాం పిల్లలకూ మన పిల్లలకూ మధ్య తేడా కొద్దిగానే ఉంది. ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆ తేడా బాగా పెరిగిపోయింది. ఇంటి ఆర్థిక స్థితి, తల్లి చదువు లాంటివన్నీ పక్కన పెట్టి చూసినా, అక్కడి బడిలో ఒక ఏడాది నేర్పేది ఎక్కువ అని తేలింది.

అంటే ఆరో తరగతి గుమ్మం ఎక్కేసరికే అక్కడి పిల్లవాడు వేరే చోట ఉన్నాడు. 6-8 మీద ఇద్దరూ సమానంగా ఖర్చు పెట్టారనుకున్నా, మన డబ్బులో చాలా భాగం మూడో తరగతిలో రావాల్సింది నేర్పడానికే పోతుంది. మాస్టారు చెప్పిన భిన్నాల సంగతి అదే. పల్లె పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేలో, 2024లో గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్లు సగం కన్నా తక్కువ, 45.8 శాతం.

కొల్లేటికొంగ:

ఆ పీసా మార్కుల గురించి ఒక మాట. 2012లో వియత్నాంలో 15 ఏళ్ల పిల్లల్లో ఆ పరీక్ష పరిధిలోకి వచ్చింది 56 శాతమే. మిగిలినవాళ్లు అప్పటికే బడి మానేశారు లేదా కింది తరగతుల్లో ఉండిపోయారు. బడి మానేసినవాళ్లనూ లెక్కలోకి తీసుకుంటే సగటు అంత మెరుగ్గా ఉండేది కాదు.

పాలమూరుచదువు:

నిజమే, అది గుర్తుంచుకోవాలి. 2022లో ఆ పరిధి 68 శాతానికి పెరిగింది, లెక్కల్లో మార్కు 469కి తగ్గింది. ధనిక దేశాల సగటు కూడా ఆ ఏడాది 472కు పడిపోయింది. అయినా దాదాపు వాళ్ల పక్కనే నిలబడింది. యంగ్ లైవ్స్‌లో ఇలాంటి ఇబ్బంది లేదు, బడికి వెళ్లని పిల్లలను కూడా ఇంటికే వెళ్లి పరీక్షించారు.

ట్రెజరీనిఘా:

ఖర్చు ఎంత అన్నదానికన్నా ఎటు పోతోంది అన్నది చూడాలి. వియత్నాంలో మొత్తం ప్రభుత్వ బడ్జెట్‌లో కనీసం 20 శాతం విద్యకు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఖర్చు పెట్టేది ప్రావిన్సులు. అయితే కేంద్రం ఏ ప్రావిన్సుకు ఎంత అని లెక్కకట్టేటప్పుడు బడి ఈడు జనాభాను బట్టి తలకింత అని కడుతుంది, కొండ ప్రాంతాలకూ దీవులకూ ఆ రేటు ఎక్కువ. హనోయ్ పిల్లవాడి కన్నా లావ్ కాయ్ కొండల్లో ఉండే పిల్లవాడికి కాగితం మీద ఎక్కువ రాస్తారు.

మన దగ్గర పాఠశాల విద్యలో పెద్ద భాగం రాష్ట్రాలదే. కేంద్రం, రాష్ట్రాలు కలిసి డబ్బు పెట్టే బడుల పథకం సమగ్ర శిక్షలో కేంద్రం 60, రాష్ట్రం 40, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90, 10. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో సమగ్ర శిక్షకు 41,250 కోట్లు. దేశంలో విద్యార్థులు 24 కోట్ల పైచిలుకు. ఎవరైనా భాగించి చూసుకోవచ్చు. పైగా తన 40 వాటా జమ చేయలేని రాష్ట్రానికి కేంద్రం వాటా కూడా ఆగిపోతుంది. పేద రాష్ట్రం పిల్లవాడికి రెండు వైపులా దెబ్బ. నా దృష్టిలో రెండు దేశాల మధ్య అసలు తేడా ఇదే, జీడీపీ శాతం కాదు.

సైగాన్‌తెలుగు:

నిఘా గారూ, ఆ కొండ ప్రాంతాల రేటు ఎక్కువే గానీ అక్కడికి చేరేది సరిపోదని ఇక్కడివాళ్లే అంటారు. నగరాల్లో తల్లిదండ్రుల సంఘాలు ఏసీలకు, ప్రొజెక్టర్లకు చందాలు వేసుకుంటాయి. కొండల్లో ఎవరు వేస్తారు? ప్రభుత్వ డబ్బు కొండ వైపు మొగ్గినా, తల్లిదండ్రుల డబ్బు కలిపితే నగరానిదే పైచేయి.

పల్నాటిపౌరుడు:

అందరికీ ధన్యవాదాలు. ఇంకో సందేహం. ఆంధ్ర ప్రభుత్వం తల్లికి వందనం పథకం కింద పిల్లవాడికి 15,000 ఇస్తోంది కదా, 2025 జూన్‌లో 67 లక్షల మందికి పైగా అన్నారు. అది విద్య మీద ఖర్చు కిందికి వస్తుందా? మా కమిటీలో సగం మంది అవునంటారు, సగం మంది కాదంటారు.

ట్రెజరీనిఘా:

అంతర్జాతీయ లెక్కల్లో కుటుంబాలకు ఇచ్చే విద్యా సాయాన్ని కూడా ప్రభుత్వ ఖర్చులో కలుపుతారు. నా మటుకు నేను విడిగా చూపించమంటాను. ఆ 15,000లో 13,000 తల్లి ఖాతాకు పోతుంది, 2,000 బడి నిర్వహణకు ఉంచుతారు. ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ వస్తుంది. ఇంటికి ఆసరా, కాదనను. పేద ఇంట్లో పిల్లవాణ్ణి పనికి పంపకుండా ఆపుతుంది కూడా. కానీ మాస్టారి బడిలో ఆరో తరగతికి గణితం టీచరును అది తీసుకురాదు. రెండింటినీ ఒకే అంకెలో కలిపి “ఖర్చు పెంచాం” అంటే ఒప్పుకోను.

కొల్లేటికొంగ:

నేను ఒప్పుకుంటాను నిఘా గారూ. ఆ డబ్బు వచ్చిన ఇంట్లో ఎనిమిదో తరగతి ఆడపిల్ల రొయ్యల ఫ్యాక్టరీకి పోకుండా బడికి వస్తే, అది చదువు మీద ఖర్చు కాక మరేమిటి? మా వైపు వచ్చి చూడండి. 14, 15 ఏళ్ల పిల్లలకు బడి మానేయడమే అసలు ప్రమాదం.

ఇంకో సంగతి. విద్యకు జీడీపీలో 6 శాతం పెట్టాలని కొఠారి కమిషన్ 1966లోనే అంది. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ 6 శాతం అంది. “వియత్నాం తక్కువలోనే సాధించింది, మనకు డబ్బు అక్కర్లేదు” అని ఈ చర్చ చదివినవాళ్లు అనుకోకూడదు.

డేటాదాసు:

అలా ఎవరూ అనుకోకుండా ఇంకోసారి చెబుతాను. శాతంలో సమానంగా ఉన్నా తలకు వాళ్లే ఎక్కువ పెడుతున్నారు. దానిపైన తల్లిదండ్రులు ఇంకొంత పెడుతున్నారు. తక్కువలో సాధించారన్న మాట సరిపోదు.

పల్నాటిపౌరుడు:

మాస్టారూ, మా బడి వరకు 6-8 మీద ఎంత ఖర్చవుతోందో లెక్క తీయడం సాధ్యమేనా? వచ్చే మీటింగులో పెడదామని ఉంది.

లెక్కలమాస్టారు:

సాధ్యమే. హెడ్మాస్టరు గారిని మూడు కాగితాలు అడగండి. ఒకటి నెల జీతాల బిల్లు మొత్తం, మనుషుల పేర్లు అక్కర్లేదు. రెండోది ఈ ఏడాది టైంటేబుల్. మూడోది తరగతుల వారీగా పిల్లల సంఖ్య. జీతాన్ని పిల్లల సంఖ్యను బట్టి పంచకండి, పీరియడ్లను బట్టి పంచండి. గణితం టీచరుకు వారానికి 30 పీరియడ్లుండి అందులో 10 మాత్రమే 6-8కి పోతే, ఆ జీతంలో మూడో వంతే ఆ పిల్లలది. ఇలా ప్రతి టీచరుకూ వేస్తే ఆరో తరగతి పిల్లవాడికీ పదో తరగతి పిల్లవాడికీ మధ్య ఎంత తేడా ఉందో మీటింగులో అందరికీ కనిపిస్తుంది.

టైంటేబుల్‌లో పేరున్నంత మాత్రాన ఆ పీరియడ్ జరిగినట్టు కాదు. ఖాళీ పోస్టు పక్కన వేరే సబ్జెక్టు వాళ్ల పేరు రాసి ఉంటే దానికి వేరే రంగు వేయండి.

దానికి బడి నిర్వహణకు వచ్చే సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు, పుస్తకాలు, యూనిఫాం కలపండి. మధ్యాహ్న భోజనం కూడా. 2025 మే నుంచి 6-8 పిల్లలకు కేంద్ర నిబంధన ప్రకారం సరుకుల ఖర్చు రోజుకు తలకు 10 రూపాయల 17 పైసలు, బియ్యం 150 గ్రాములు విడిగా. రాష్ట్రం గుడ్లు, చిక్కీ లాంటివి ఇస్తే అది వేరే వరుసలో రాయండి.

పల్నాటిపౌరుడు:

చాలా సంతోషం మాస్టారూ. సోమవారం హెడ్మాస్టరు గారిని కలిసి ఆ కాగితాలు అడుగుతాను. సైగాన్ గారూ, మీ ఆఫీసులో ఆవిడ ద్వారా అక్కడి 6-9 బడి టైంటేబుల్ ఒకటి దొరికితే ఇక్కడ పెట్టండి. రెండూ పక్కపక్కన వేసి చూద్దాం.

సైగాన్‌తెలుగు:

తప్పకుండా అడుగుతాను. ఆ అబ్బాయి తమ్ముడు ఇప్పుడు ఆరులో ఉన్నాడు, వాడిదే పంపమంటాను.